నీళ్లూ కార్డూ

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అన్ని పేర్లూ అన్ని గుర్తులూ ఒక కాగితం మీద పట్టేవి కావు. దాంతో బ్యాలెట్ పత్రం బ్యాలెట్ పుస్తకమైంది. దాన్ని అచ్చు వేయించడానికి, అది పట్టే పెట్టెలు సమకూర్చుకోవడానికి గడువు చాలక ఎన్నికల సంఘం అక్కడి పోలింగును వాయిదా వేసింది. అదే ఏడు తమిళనాడులోని మొడకురిచి శాసనసభ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు కాబట్టి సంఖ్యలో రికార్డు నల్లగొండది కాదు. ఆ 480 మందిలో అత్యధికులు ఏం అడగడానికి నిలబడ్డారన్నదే ఇక్కడ ముఖ్యం. వాళ్లకు గెలవాలని లేదు. తాగడానికి కృష్ణా నీళ్లు కావాలి.

ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న ఓటరును ఒకసారి తలుచుకోవాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరి మనిషి. నీళ్లలోని ఫ్లోరైడు తెచ్చే ఫ్లోరోసిస్ రోగి. మెడ పక్కకు తిరగదు, నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకోవు. వేళ్లు బిగుసుకుపోయిన చేత్తో ఒక్కో పుట తిప్పుతూ తనకు కావలసిన గుర్తు వెతుక్కోవాలి. అది దొరికాక ముద్ర గీత దాటకుండా వేయాలి, తడి ఆరకముందే మడిస్తే ఇంకో గుర్తుకు అంటుకోకుండా చూసుకోవాలి. అతని ఒంటికి వచ్చిన కష్టం ఏమిటో ఆ కాసేపట్లో పోలింగు అధికారులందరికీ కనబడి ఉంటుంది.

మన దేశంలో ఆరోగ్యం ఎన్నికల అంశం కాదని, కులమూ డబ్బూ తప్ప ఓటరు ఇంకేమీ చూడడని తరచూ వింటుంటాం. దక్షిణ తెలంగాణలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. రోగం రాకుండా ఉండే నీళ్లు నల్లగొండ అడిగింది. మహబూబ్‌నగర్‌కు రోగం వచ్చాక వాడుకునే ఆరోగ్య కార్డు దక్కింది. ఈ రెండూ రెండు వేర్వేరు ఆరోగ్య ప్రణాళికలు. వీటిలో ఏది ముందు, ఏది వెనక అన్న వాదం ఏళ్ల తరబడి ఈ ఊళ్ల అరుగుల మీద నడుస్తూనే ఉంది.

రోగం సంగతి కొత్తది కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, నేటి ప్రకాశం, నెల్లూరు ప్రాంతపు ఊళ్లలో, నీటిలోని ఫ్లోరిన్ ఎముకలను గడ్డకట్టిస్తోందని వైద్యులు రాశారు. నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా పేరు వైద్య పత్రికలకెక్కింది 1945లో. పదేళ్ల తర్వాత, 1955 డిసెంబరులో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే వైద్యుడు ఈ జిల్లా ఫ్లోరోసిస్ మీద సవివరమైన వ్యాసం అచ్చు వేశారు. అంటే లండను డాక్టర్లు చదివిన విషయం మన శాసనసభలో గట్టిగా వినిపించడానికి మరో తరం పట్టింది. ఊళ్లో జనానికి మాత్రం వ్యాసం అక్కర లేదు. గార పళ్లు, దొడ్డి కాళ్లు, గూని అనే మూడు మాటల్లో వాళ్లు ఆ రోగాన్ని ముందే చెప్పేసుకున్నారు.

కారణం నేల కిందే ఉంది. జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడు ఖనిజం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. ఇక్కడి బోరింగులలో దానికి ఎన్నో రెట్లు తేలేది. చెరువులూ ఊట బావులూ ఎండిపోయి బోర్లు లోతుకు దిగినకొద్దీ నీళ్లు రాతిలో ఎక్కువ కాలం నానినవే వచ్చాయి. దాహం తీర్చడానికి సర్కారు వేయించిన బోరే రోగానికి దారి తీసింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వేసేముందు నీళ్లు పరీక్షించే అలవాటు లేకపోవడం ఉంది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో చిక్కు బయటపెట్టారు. ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుకునే కొత్త రూపం కనబడుతోంది. ఆ తర్వాతి పరిశోధన నాగార్జునసాగర్ కట్టాక చుట్టుపక్కల భూగర్భ జలాల మట్టం పెరగడానికి, నేలలోనూ జొన్నలోనూ సూక్ష్మ ఖనిజాల పాళ్లు మారడానికి, ఈ కాళ్ల వంకరకు సంబంధం వెతికింది. నీళ్లు లేక ఒక బాధ, నీళ్లొచ్చి ఇంకో బాధ. ఆనకట్ట ఒక కొస నల్లగొండ గడ్డ మీదే ఉంది. ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ ఊళ్లకు మాత్రం దాని కాలువ ఎక్కలేదు.

సాంకేతిక శాస్త్రం చేయగలిగింది చేసింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడు తొలగించే పద్ధతి రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఇంట్లో చేసుకోవాలంటే నలభై లీటర్ల బకెట్, దానికి అడుగు నుంచి కాస్త పైన ఒక నల్లా. పటిక, సున్నం కొలిచి వేసి పది నిమిషాలు ఆగకుండా కలపాలి. గంటసేపు కదపకూడదు. మడ్డి అడుక్కి దిగాక పైనీళ్లు నల్లా తిప్పి పట్టుకోవాలి. మడ్డిని రోజూ దూరంగా పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే ఆడమనిషికి ఇది ఎంత పనో ప్రయోగశాలలో తెలియదు. ఇథియోపియా, టాంజానియా దాకా ఈ పద్ధతి వెళ్లింది. ప్రపంచంలో నీటి శాస్త్రవేత్తలకు నల్లగొండ అంటే ఊరి పేరు కాదు, ఒక మందు పేరు. ఆ మందు నల్లగొండ ఇళ్లలోనే నిలవలేదు.

ఇంతలో పట్నానికి తాగునీటి కరువొచ్చింది. నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి, అక్కడినుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి హైదరాబాదుకు పంపే కృష్ణా పథకం 2004లో మొదలైంది. నల్లగొండ జిల్లా పొలాల మీదుగానే ఆ పెద్ద పైపులు పట్నం చేరాయి. పైపు పక్కన నిలబడి బోరింగు కొట్టుకునే ఊళ్లు ఆ దారిలో ఉన్నాయి. రాజకీయం తెలియనివాడికి కూడా రాజకీయం నేర్పే దృశ్యం అది.

అంతకు ఎనిమిదేళ్ల ముందటి 480 నామినేషన్ల వెనక ఉన్నది జల సాధన సమితి. దాన్ని నడిపిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి నీళ్ల ఉద్యమంలోకి వచ్చినవారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ పూర్తిచేసి జిల్లాకు కృష్ణా నీళ్లు ఇవ్వాలన్నది సమితి కోరిక. ధర్నాలు, పాదయాత్రలు, వినతి పత్రాలు అయ్యాయి. చివరికి చట్టమే ఇచ్చిన ఒక సాధనం వాళ్ల చేతికి దొరికింది. పోటీకి డిపాజిట్టు 500 రూపాయలు, దళిత, గిరిజన అభ్యర్థులకు అందులో సగం. రైతులు, ఫ్లోరోసిస్ బాధితులు ఊరూరి నుంచి వచ్చి నామినేషన్లు వేశారు.

ఓట్ల లెక్కలో దీనికి ఫలితం లేదు. గెలిచింది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. సాయుధ పోరాట కాలపు మనిషి, గీత కార్మికుల నాయకుడు, అంతకుముందు 1991లోనూ అక్కడి ఎంపీయే. 1952లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో రావి నారాయణరెడ్డిని పార్లమెంటుకు పంపిన గడ్డ కమ్యూనిస్టుకే మళ్లీ ఓటేసింది. నామినేషన్ వేసిన రైతు కూడా తన ఓటు తనకు వేసుకున్నాడో, కంకి కొడవలికి వేశాడో! నిరసనను నామినేషన్‌తో చెప్పి, ఎన్నికను ఓటుతో తేల్చడం తెలిసిన ఓటరు అతను. పిచ్చి పని అని ఆనాడు నవ్వినవాళ్లకు ఈ తేడా అందలేదనే నా అభిప్రాయం.

ఢిల్లీకి మాత్రం బాగా అందింది. అదే ఏడు ప్రజా ప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ వెనక లేనివాళ్లకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 1996లో దేశం మొత్తం మీద 13,952 మంది పోటీ చేస్తే 1998లో 4,750 మందే మిగిలారు. జనం నీళ్లడిగితే, అడిగే ఖర్చును చట్టం ఇరవై రెట్లు చేసింది. 2019లో నిజామాబాదు పసుపు రైతులు ఇదే బాట పట్టి బరిలో 185 మంది తేలినప్పుడు తలకు 25,000 కట్టాల్సి వచ్చింది.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, కథ వేరు. అక్కడ నీళ్ల కరువు కాళ్లను వంచలేదు, మనుషుల్నే ఊరు దాటించింది. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని దేశంలోని ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోయడానికి పోయినవాళ్లను పాలమూరు లేబర్ అన్నారు. ఆ బతుకులో పెద్ద జబ్బు వచ్చిందంటే అప్పు ఇంకో తరానికి పోయినట్టే. గుండెకు రంధ్రం ఉన్న పిల్లను ఎత్తుకుని పట్నం వచ్చిన తల్లిదండ్రులకు ఉన్న దారి ఒకటే. ఎమ్మెల్యే ఉత్తరం, ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు, క్యాంపు ఆఫీసు ముందు ఎదురుచూపు. 2004 నుంచి మూడేళ్లలో యాభై వేలకు పైగా ఇలాంటి కేసులకు సాయం చేశామని ప్రభుత్వమే చెప్పుకుంది. దయతో ఇచ్చేది అంత పెద్దదైతే దాన్ని పథకంగా మార్చక తప్పదు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. మూడూ కరువు, వలస జిల్లాలు కావడం కాకతాళీయం కాదు. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. ప్రీమియం ప్రభుత్వమే స్టార్ హెల్త్ అనే బీమా సంస్థకు కట్టింది. జాబితాలో ఉన్న పెద్ద ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే పథకం సహాయకుడు ఒక బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆ బల్లే ఈ పథకంలో అసలు కొత్తదనం అంటాను. అంతదాకా కార్పొరేట్ ఆసుపత్రి అద్దాల తలుపు లోపల పేదవాడు ఎవరితో మాట్లాడాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయేవాడు. ఆ ఏడాది డిసెంబరు 5న రెండో విడతలో నల్లగొండకూ వచ్చింది.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ నెలల్లోనే అమెరికాలో అధ్యక్ష అభ్యర్థులు ఆరోగ్య బీమా మీద తలపడుతున్నారు. ప్రతివారూ బీమా కొనడం తప్పనిసరి చేయాలని హిలరీ క్లింటన్, పిల్లలకు తప్ప పెద్దలకు బలవంతం వద్దని ఒబామా, పన్ను రాయితీ ఇస్తే ఎవరి బీమా వాళ్లు కొనుక్కుంటారని మెకెయిన్. అక్కడి తెలుగు ఇళ్లలోనూ ఈ చర్చ నడిచింది. 2010 మార్చిలో చట్టమయ్యేసరికి అభ్యర్థిగా తాను వద్దన్న తప్పనిసరి షరతునే ఒబామా ఒప్పుకున్నారు. మన దగ్గర ఆ ప్రశ్నే పుట్టలేదు. పదిళ్లలో ఎనిమిదింటికి తెల్ల కార్డు ఉన్న రాష్ట్రంలో, ప్రీమియం ఖజానా కట్టినప్పుడు, బీమా ఎవరు కొనాలన్న తగవుకు చోటెక్కడ? మన తగవు ఇంకో చోట మొదలైంది. ఖజానా సొమ్ము ఎవరి ఆసుపత్రికి పోతోంది?

2009 ఎన్నికల్లో ఇటు ఆరోగ్యశ్రీ, 108 అంబులెన్సు, అటు చంద్రబాబు నాయుడి నగదు బదిలీ హామీ. ఇలా మొదటిసారి రెండు సంక్షేమ నమూనాలు ఎదురెదురుగా నిలిచాయి. కాంగ్రెస్ 294లో 156 స్థానాలతో గట్టెక్కింది. కార్డే గెలిపించిందని రాసినవాళ్లున్నారు. కానీ కార్డు మొదట పుట్టిన మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానం కాంగ్రెస్ అభ్యర్థిని కాదని ప్రత్యేక తెలంగాణ అడిగిన తెరాస నేత కె. చంద్రశేఖరరావును గెలిపించింది. ఆపరేషన్ చేయించుకున్న చేయి తెలంగాణకు ఓటేసింది. కృతజ్ఞత వేరు, ఓటు వేరు అన్న లెక్క పాలమూరు జనానికి ఉంది. రాజకీయ పండితులే ఈ రెంటినీ కలిపేశారు.

విమర్శ ఆలస్యంగా కాని గట్టిగా వచ్చింది. 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, శ్రీవత్సన్ రాసిన వ్యాసం ఈ నమూనా ప్రైవేటు రంగానికి లాభమని తేల్చింది. వీణా శత్రుఘ్న పనిచేసింది నల్లగొండ కాళ్ల వంకరను లోకానికి చూపిన ఆ పోషకాహార సంస్థలోనే. వాదం తేలికైనదే. డబ్బు ఆపరేషన్‌కు ఉంది, జ్వరానికి లేదు. పడక ఎక్కితే ఉంది, ప్రాథమిక కేంద్రంలో మందుకు లేదు. పడుచు ఆడవాళ్లకు అక్కర లేకుండా గర్భసంచి తీసేస్తున్నారన్న ఆరోపణలు పెరిగి, ఆ ఆపరేషన్ మీద ప్రభుత్వమే ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. విమర్శకులు చెప్పింది నిజం. క్యాంపు ఆఫీసు ముందు నిలబడిన తండ్రికి కార్డు ఎంత పెద్ద సంగతో వాళ్ల వ్యాసాల్లో కనబడదన్నదీ నిజమే.

మర్రిగూడ మనిషికి కార్డు ఏం చేసింది? బిగిసిన వెన్నుపూసను మళ్లీ వంచే మందు లోకంలో లేదు. ఆ రోగానికి వైద్యం రోగం రాకముందు తాగే మంచి నీళ్లే. 1996లో నామినేషన్ వేసిన రైతు, మేనిఫెస్టో రాయడం రాకపోయినా, ఏ పార్టీ ఆరోగ్య విభాగమూ చెప్పనంత సూటిగా ఈ మాట చెప్పాడు.

నీళ్లు వచ్చాయి, ఆలస్యంగా. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నల్లాలు ఇంటింటికీ చేరాయి. రాష్ట్రంలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రమే పార్లమెంటుకు తెలిపింది. ఇది చిన్న సంగతి కాదు, ఏ పార్టీవాడైనా ఒప్పుకోవాలి. నల్లా నీళ్లు తాగి పెరిగే పిల్లకు గార పళ్లు రావు, వాళ్ల తాతకు నడుము నిలవదు. రెండూ ఒకే ఇంట్లో.

2022 నవంబరు 3న మునుగోడు ఉపఎన్నిక ఈ ఇళ్ల మధ్యే జరిగింది. ఫ్లోరైడును మేం తరిమామని అధికార పార్టీ తెరాస. 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిగా మర్రిగూడ వచ్చిన జె.పి. నడ్డా మాట ఇచ్చిన ఫ్లోరైడు పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఎక్కడని బి.జె.పి.కి ఎదురు ప్రశ్న. చౌటుప్పల్ దగ్గర ఎవరో రోడ్డు పక్కన బతికున్న ఆ నాయకుడికి సమాధి కట్టి పూలదండ వేశారు. అది మోటు పని, సమర్థించను. ఆరోగ్య హామీకి సమాధి కట్టడం మాత్రం ఈ నేల మీద తప్ప ఇంకెక్కడా చూడలేదు. తెరాస అభ్యర్థి పదివేల పైచిలుకు ఓట్లతో గెలిచారు.

ఏడాది తిరిగేసరికి వాదం లక్షల్లోకి దిగింది. 2023 సెప్టెంబరు 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరోగ్యశ్రీని పది లక్షలు చేస్తామంది. అక్టోబరు 15న, బి.ఆర్.ఎస్.గా పేరు మారిన తెరాస పదిహేను లక్షలంది. బి.జె.పి. చేతిలో ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ ఎప్పటినుంచో ఉంది. "పదిహేను ఇస్తడంట కదనే" అని ఒకరంటే "ఉన్న ఐదు లక్షలకే పట్నంల దవాఖానోడు బెడ్డు లేదంటడు, పదిహేనైతే పిలిచి ఇస్తడా?" అని ఇంకొకరు. ఆనాడు టీ కొట్టు దగ్గర నడిచిన ఇలాంటి మాటల్లో అసలు ప్రశ్న ఉంది. పరిమితి పెంచడం ఖజానాకు కాగితం మీద పెద్ద ఖర్చు కాదు. లక్షలు దాటే రోగాలు కొద్దిమందికే వస్తాయి. ఆసుపత్రుల బకాయిలు వేళకు చెల్లించడం, మండలంలో డాక్టరు ఉండటం ఖర్చు. ఆ రెండింటి గురించి ఏ పార్టీ సభలోనూ అంకెలు వినబడలేదు.

ఫలితం తెలిసిందే. పాత మహబూబ్‌నగర్ 14 స్థానాల్లో 12, పాత నల్లగొండ 12 స్థానాల్లో 11 కాంగ్రెస్‌కు వెళ్లాయి. పాలమూరు మనిషే ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబరు 9న రేవంత్ రెడ్డి పది లక్షల ఆరోగ్యశ్రీని ప్రారంభించారు. పేరు మళ్లీ రాజీవ్. ఆంధ్రలో ఇదే పథకం ఎన్టీఆర్ పేరుతో కొన్నాళ్లు, వై.ఎస్.ఆర్. పేరుతో కొన్నాళ్లు నడిచింది. మనం అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకోం గాని, ముఖ్యమంత్రి బొమ్మ లేని కార్డు మాత్రం ఎరగం.

ఇక 1996లో అడిగిన కాలువ మిగిలింది. శ్రీశైలం ఎడమగట్టు నీరు నల్లగొండకు ఎత్తిపోతలు లేకుండా రావాలంటే నల్లమల కొండ కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. దాని ముఖం దోమలపెంట దగ్గర, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. నల్లగొండ నీళ్లకు దారి పాలమూరు రాతి గుండా పోవాలి. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ఒకప్పుడు పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి చేసిన పనికి ఇప్పుడు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లు వాళ్లు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ రోజుకి సొరంగంలో ఇంకా తొమ్మిది కిలోమీటర్ల పైన తవ్వాల్సి ఉంది.